వేటగాళ్ళు పిలిచారు, కంచె పీకడానికి వెళ్ళాలా?

బాయిసీ వాసు:

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది, నవ్వకండి.

మా టీమ్‌లో అరవైకి దగ్గరపడ్డ ఒకాయన ఉన్నారు. నాలుగేళ్ళుగా మాది పక్కపక్క సీట్లు. ఆయన టేబుల్ మీద మనవళ్ళ ఫోటో ఒకటి ఉంటుంది. దాని పక్కనే, తను కొట్టిన ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కొమ్ములు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతున్న ఫోటో. మొదట్లో ఆ రెండో ఫోటో వైపు చూడకుండా మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయింది. మనిషి మంచివాడు. మంచు పడిన రోజు నా కారు స్టార్ట్ కాకపోతే, అడగకుండానే వచ్చి కేబుల్స్ తగిలించి వెళ్ళిన రకం.

ఆయన మొన్న ఒక మాట అడిగారు. వచ్చే శనివారం మా ఐడహోలోనే ఓవైహీ వైపు, బీఎల్‌ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల్ని చూసే శాఖ) భూముల్లో పాత ముళ్ళకంచె పీకే పని ఉందట. వాళ్ళ వేటగాళ్ళ సంఘం నుంచి ముప్పై మంది దాకా వెళ్తున్నారట, నన్నూ రమ్మన్నారు. గ్లౌజులు తెచ్చుకుంటే చాలు, భోజనం వాళ్ళదే. ఆ కంచెలు ఎందుకు పీకాలంటే జింకలు, వాటిలాగే ఉండే ప్రాంగ్‌హార్న్‌లు ఆ తీగల్లో చిక్కుకుని చచ్చిపోతున్నాయట.

నాకు అక్కడే తిరకాసు. కంచెలో చిక్కుకుని చస్తే బాధ, అక్టోబర్‌లో మీరే కాలిస్తే బాధ లేదా? నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను.

నేను మాంసం తింటాను, కాబట్టి ఎవరికీ నీతులు చెప్పను. కానీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పుట్టినవాణ్ణి. వేటగాడు అంటే నాకు తెలిసింది పేపర్లో ఇద్దరు పోలీసుల మధ్య తలవంచుకుని నిలబడ్డ మనిషి. అడవిని కాపాడేది ఫారెస్టు వాళ్ళు, అడవి మీద పడి తినేది వేటగాడు, అంతే. ఇక్కడ ఆ రెండు పనులూ ఒకే మనిషి చేస్తున్నాడంటే నా బుర్రకి ఎక్కడం లేదు. ఇది నిజంగా పనేనా, ఫేస్‌బుక్ ఫోటోల కోసమా? అయినా ప్రభుత్వ భూమిలో కంచె పీకడానికి ప్రభుత్వం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి కదా, వీళ్ళెందుకు?

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. అందులో ఏమైనా ఇబ్బంది ఉంటే అదీ చెప్పండి. గురువారం లోపు ఆయనకు జవాబివ్వాలి.

కొంగల రాణి:

వాసు గారూ, మీ అనుమానంలో సగం నిజం ఉంది. నేను శాక్రమెంటో దగ్గర ఉంటాను, పక్షుల ఫోటోలు తీస్తాను. శీతాకాలంలో మా దగ్గరి పక్షుల శరణాలయంలో స్నో గీస్ అనే తెల్ల బాతులు వేలకొద్దీ దిగుతాయి. తెల్లవారుజామున అవన్నీ ఒక్కసారిగా లేచే దృశ్యం కోసం నేను నాలుగింటికే బయల్దేరతాను. అదే సమయానికి అదే పార్కింగ్‌లో బాతుల వేటకు వచ్చినవాళ్ళు బూట్లు తొడుక్కుంటూ ఉంటారు. ఒకరినొకరం పలకరించుకుంటాం. అంతవరకే.

నా ఫిర్యాదు ఒకటే. వీళ్ళు కాపాడేది వీళ్ళకు కావాల్సిన జంతువును. ఎల్క్ కావాలి కాబట్టి ఎల్క్‌కి గడ్డి కావాలి, బాతు కావాలి కాబట్టి బాతుకి చెరువు కావాలి. మరి తోడేలు? 2020లో కొలరాడోలో తోడేళ్ళను తిరిగి తేవాలా వద్దా అని ఓటు పెడితే, వద్దని గట్టిగా తిరిగింది ఈ సంఘాల వాళ్ళే. అయినా తేవాలన్న పక్షమే అత్తెసరు మెజారిటీతో నెగ్గింది. సీసం సంగతి సరేసరి. సీసం తూటా జంతువు లోపల చిన్నచిన్న ముక్కలవుతుంది. వేటగాడు పేగులు అక్కడే పడేసి మాంసం తీసుకెళ్తాడు. ఆ పేగులు తిన్న కాండోర్‌కి (పెద్ద రాబందు) విషం ఎక్కుతుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటలో సీసం పూర్తిగా నిషేధించారు. అది వాళ్ళంతట వాళ్ళు మానేసింది కాదు, చట్టం పెడితే మానేశారు.

వెళ్ళండి, వద్దనను. కానీ తిరిగొచ్చేటప్పుడు 'వేటగాళ్ళే అసలైన పర్యావరణవేత్తలు' అనే టీషర్ట్ వేసుకుని మాత్రం రాకండి.

గాలం మాస్టారు:

వాసు గారూ, నాది డెన్వర్. తుపాకీ పట్టను, గాలం పడతాను, పదకొండేళ్ళుగా. రాణి గారి లెక్కలో నేను సగం నేరస్థుణ్ణి. అది మనసులో పెట్టుకునే చదవండి.

మీ అసలు ప్రశ్నకి నేను ఒక చేప కథతో జవాబు చెప్తాను, ఎందుకంటే నాకు ఆ ముడి విడిపోయింది అక్కడే.

కొలరాడో రాష్ట్రానికి ఒక సొంత చేప ఉంది, గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ ట్రౌట్. 1937లో ఇది అంతరించిపోయిందన్నారు. తర్వాత కొన్ని వాగుల్లో దొరికిందని సంబరపడి, ఏళ్ళ తరబడి పెంచారు, వదిలారు, 1994లో రాష్ట్ర చేపగా కూడా ప్రకటించారు. 2012లో మ్యూజియంలో సీసాల్లో ఉన్న పాత చేపల డీఎన్ఏతో పోల్చి చూస్తే తేలిందేమిటంటే, ఇన్నేళ్ళూ పెంచింది వేరే చేపని! అసలు గ్రీన్‌బ్యాక్ మిగిలింది కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర ఒకే ఒక్క వాగులో, బేర్ క్రీక్ అంటారు. అదీ దాని సొంతిల్లు కాదు, 19వ శతాబ్దం చివర్లో ఎవరో తెచ్చి వదిలిన చోటు. తప్పిపోయిన పిల్లాడు పక్క ఊళ్ళో దొరికినట్టు.

దాన్ని సొంత నదికి, అంటే సౌత్ ప్లాట్ పరీవాహకానికి, తిరిగి తేవాలి. ఐ-70 హైవే మీద డెన్వర్ నుంచి పడమరకి వెళ్తుంటే 218వ ఎగ్జిట్ దగ్గర హర్మన్ గల్చ్ అనే చిన్న వాగు ఉంది. ముందు అందులోని బ్రూక్ ట్రౌట్‌ని తీసేశారు. అది తూర్పు నుంచి తెచ్చిన చేప, కట్‌త్రోట్‌ని బతకనివ్వదు. 2016లో మొదటిసారి గ్రీన్‌బ్యాక్ పిల్లల్ని వదిలారు. పైదాకా రోడ్డు లేదు. చేపల్ని మనుషులు మోయాలి.

తర్వాతి ఏళ్ళలో ఒకసారి నేనూ మోశాను. కాలిబాట మొదట్లో, చేపపిల్లల్ని పెంచే హేచరీ వాళ్ళ లారీ నిలబడి ఉంటుంది. ఒక్కొక్కరం బ్యాక్‌ప్యాక్ తెరిచి వరుసలో నిలబడాలి. మందమైన ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు, వేలెడంత చేపపిల్లలు పోసి, మిగిలిన ఖాళీలోకి ఆక్సిజన్ పట్టి, మూతిని మెలితిప్పి రబ్బరు బ్యాండు వేసి బ్యాగులో పెడతారు. అక్కడ ఎత్తు 10,000 అడుగుల పైనే. నడుస్తుంటే వీపు మీద నీళ్ళు గుళగుళమంటాయి, అప్పుడప్పుడు ఏదో తట్టినట్టు ఉంటుంది. నీళ్ళు వేడెక్కకూడదు కాబట్టి కూర్చోవడానికి లేదు. నా ముందు నడిచినావిడకి డెబ్బై ఏళ్ళు ఉంటాయి, మోకాలికి పట్టీ. నేను రెండుసార్లు ఆగాను, ఆవిడ ఆగలేదు.

పైకి వెళ్ళాక సంచి తెరిచి గుమ్మరించేయడం కాదు. సంచిని అలాగే వాగులో ఆనించి కూర్చోవాలి, లోపలి నీళ్ళు వాగు నీళ్ళంత చల్లబడాలి. తర్వాత వాగు నీళ్ళు కొంచెం కొంచెం సంచిలోకి వదలాలి. అప్పుడు సంచి వంచితే చేపలు బయటికి వస్తాయి. వచ్చినవి వెంటనే పారిపోలేదు. ప్రవాహానికి ఎదురు తిరిగి, రాయి వెనకాల, తోక మాత్రం ఆడిస్తూ అలాగే నిలబడ్డాయి. మేము ఇరవై మందిమి మోకాళ్ళ మీద వంగి వాటినే చూస్తూ ఉండిపోయాం. ఆ ఇరవై మందిలో సగం పైన గాలం వేసేవాళ్ళే. ఆ చేప ఇంకా రక్షణ జాబితాలో ఉంది, గాలానికి పడినా వదిలేయాల్సిందే, ఎవరూ పులుసు పెట్టుకోలేరు. 2022 సెప్టెంబర్‌లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ, హర్మన్ గల్చ్‌లో ఆ చేపలు వాటంతట అవే పిల్లలు పెడుతున్నాయని ప్రకటించింది. ఆ రోజు ఆఫీసులో మీటింగ్‌లో ఉండి ఫోన్‌లో చూశాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు, పక్కనున్న టెస్టర్ కుర్రాడికి చెప్పాను. 'ఓ, నైస్' అన్నాడు.

సరే, ప్రభుత్వం ఎందుకు చేయించుకోదు అన్నారు. ఇక్కడ వన్యప్రాణుల్ని చూసేది ఎక్కువగా రాష్ట్రాల శాఖలు. వాళ్ళకు వచ్చే డబ్బులో పెద్ద భాగం వేట, చేపల లైసెన్సుల నుంచే. రెండోది ఒక పన్ను. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. పొడవు తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను తయారీదారు దగ్గరే పట్టేసి రాష్ట్రాలకు పంచుతారు. వందలో రాష్ట్రం పాతిక పెట్టుకుంటే కేంద్రం డెబ్బై అయిదు ఇస్తుంది. షరతు ఏమిటంటే, లైసెన్స్ డబ్బును రాష్ట్రం ఇంకో పనికి మళ్ళించకూడదు. మళ్ళిస్తే ఈ వాటా పోతుంది. మన ఖజానాల సంగతి తెలిసినవాళ్ళకు ఆ షరతు విలువ అర్థమవుతుంది. చేపల సరంజామా మీద ఇలాంటి పన్నే 1950లో వచ్చింది. నేను కొన్న ప్రతి రీల్‌లో అది ఉంది.

ఇక్కడ నా పక్షంలోని బొక్క నేనే చెప్తాను. ఈరోజు తుపాకులు, తూటాలు కొనేవాళ్ళలో ఎక్కువమంది వేటకు వెళ్ళరు. షూటింగ్ రేంజ్‌లో కాల్చుకునేవాళ్ళు, ఇంట్లో దాచుకునేవాళ్ళు. కాబట్టి 'మా డబ్బుతోనే అడవి నడుస్తోంది' అని వేటగాళ్ళు గుండెలు బాదుకుంటే అందులో కొంత పక్కవాడి డబ్బు. రాణి గారు తోడేలు గురించి అన్నది కూడా నిజమే. మా సంఘం మీటింగుల్లో చేప అంటే అందరూ మెత్తగా ఉంటారు, తోడేలు మాట రాగానే గొంతులు మారిపోతాయి. నేను వాదించి వాదించి ఇప్పుడు కాఫీ తెచ్చుకోవడానికి లేచి వెళ్ళిపోతున్నాను.

అయితే రాణి గారూ, బాతుల స్టాంప్ సంగతి మీరు ఎత్తలేదేం? 1934 నుంచి పదహారేళ్ళు నిండిన బాతుల వేటగాడు ఆ ఫెడరల్ స్టాంప్ కొనకుండా కాల్చడానికి లేదు. ఇప్పుడు 25 డాలర్లు. డాలర్‌కి 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికే పోతాయి. ఇంతవరకూ 60 లక్షల ఎకరాల పైన కాపాడారు. మీ స్నో గీస్ లాంటివి దిగే నేలల్లో కొన్ని అలా కొన్నవే.

ఇంకోటి. భూమి ఉంటే కదా జంతువు. 2017లో 33 లక్షల ఎకరాల ఫెడరల్ భూమి అమ్మేయాలని ప్రతినిధుల సభలో ఒక ప్రతినిధి బిల్లు పెట్టాడు. వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు ఫోన్లు చేసి చేసి ఆఫీసుల్ని హోరెత్తించారు. పది రోజుల్లోపే ఆ ప్రతినిధే, వేట బట్టల్లో కుక్కని పట్టుకున్న ఫోటో పెట్టి, బిల్లు వెనక్కి తీసుకుంటున్నానని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. ఆ బట్టలు ఎవరిని చూసి వేసుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

వయోమింగ్ నిచ్చెన కథ ఇంకా బాగుంటుంది. అక్కడ భూమి చదరంగం బల్లలా ఉంటుంది. నల్లగడి ప్రజలది, తెల్లగడి ప్రైవేటుది, రైలు కంపెనీలకు భూములిచ్చిన కాలం నాటి పంపకం. ఒక నల్లగడి నుంచి ఇంకో నల్లగడికి వెళ్ళాలంటే మూల మీదుగా దాటాలి. 2021లో మిజోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ఇనప నిచ్చెన ఒకటి తయారుచేసుకుని తెచ్చారు. మూల రాయి మీదుగా నిచ్చెన వేసి, ప్రైవేటు నేల మీద కాలు మోపకుండా అటువైపు దిగారు. కేసు పెట్టారు. 2022లో జ్యూరీ వాళ్ళు నిర్దోషులంది. పక్కభూమి యజమాని గాలిలోంచి దాటినా నష్టమేనంటూ లక్షల డాలర్ల దావా వేశాడు. 2025 మార్చిలో పదో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు), 1885 నాటి చట్టాన్ని పట్టుకుని, వేటగాళ్ళ వైపే తీర్పిచ్చింది. ఆ కేసు ఖర్చులకు విరాళాలు పోగుచేసింది కూడా ఇలాంటి సంఘమే. రేపు రాణి గారు కెమెరా పట్టుకుని ఆ మూల దాటితే ఆ నిచ్చెన పుణ్యమే. (వాసు గారూ, మీ ఐడహో ఆ కోర్టు కిందికి రాదు. మీరు నిచ్చెన కొనకండి.)

స్వార్థం ఉందా అంటే ఉంది. నేను వీపు మీద చేపల్ని మోసింది చేపల మీద జాలితో మాత్రమే కాదు. నాకు ఆ వాగు కావాలి. పొద్దున్నే మోకాలి లోతు నీళ్ళలో నిలబడటం కావాలి. కావాలి కాబట్టే ఆ వాగులో నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో, ఎక్కడ గట్టు కోసుకుపోతోందో నాకు తెలుసు. వాగుతో ఏ పనీ లేనివాడికి అవి ఎలా తెలుస్తాయి? మీ సహోద్యోగికి కూడా ఏ కంచెలో ఏం చిక్కుకుందో అలాగే తెలిసి ఉంటుంది. ఆపుకున్న ఆ ప్రశ్న ఆయన్నే అడగండి. నాకు తెలిసిన వేటగాళ్ళు దానికి ఏమీ అనుకోరు, ఎవరూ అడగరనే వాళ్ళ బాధ.

హెచ్1 సీనియర్:

మాస్టారు పురాణం చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను.

బీఎల్‌ఎం పనికి వెళ్తే వాలంటీర్ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టిస్తారు. అందులో పౌరుడివా, గ్రీన్ కార్డు ఉందా, లేదంటే ఏ వీసా అని అడుగుతారు. ఉన్నది రాయండి. ముందే నిర్వాహకులకు చెప్పండి, అక్కడికెళ్ళాక టెన్షన్ వద్దు. మామూలుగా అందరూ ఉచితంగానే చేసే పని, మీకూ పైసా రాదు అంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇంకా భయమైతే మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఆ పత్రం వల్ల ఒక లాభం కూడా ఉంది, పనిలో దెబ్బ తగిలితే ఫెడరల్ ఉద్యోగికి వర్తించే పరిహారం వాలంటీర్‌కీ వర్తిస్తుంది. అందుకని సంతకం పెట్టకుండా పని మొదలుపెట్టకండి.

అసలు జాగ్రత్త ఇంకోటి. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది, మీకు లైసెన్స్ లేదు కదా. భోజనాలయ్యాక ఎవరో ఒకరు సరదాగా 'ఒకటి కాల్చి చూడు' అంటారు. నవ్వుతూ వద్దనండి.

టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. తుప్పు తీగ.

కొంగల రాణి:

మాస్టారూ, స్టాంప్ నా కెమెరా బ్యాగులోనే ఉంది. ఏటా కొంటాను, శరణాలయం గేటు దగ్గర అదే ఎంట్రీ పాస్‌గా పనికొస్తుంది కాబట్టి. వేటగాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి అని తెలిసే కొంటున్నాను. దాంతో మీకు ఒక మార్కు. తోడేలు దగ్గర కాఫీకి లేచి వెళ్ళిపోతున్నందుకు రెండు మార్కులు కోత. మీలాంటివాళ్ళు లేచి వెళ్ళిపోతే ఆ గదిలో మిగిలేది ఎవరు?

గాలం మాస్టారు:

నిజమే. ఈసారి ఫ్లాస్క్‌లో తీసుకెళ్తాను.

బాయిసీ వాసు:

వెళ్ళొచ్చాను. ఒళ్ళు హూనమైంది, అందుకే రెండు రోజులు ఆలస్యం.

పొద్దున ఆరింటికి ఆయన పికప్‌లో బయల్దేరాం, వెనక సీట్లో ఆయన స్నేహితుడు. తారు రోడ్డు అయిపోయాక చాలాసేపు దుమ్ము రోడ్డు. ఎటు చూసినా సేజ్‌బ్రష్ అనే పొదలే. దగ్గరికెళ్తే ఘాటుగా కర్పూరం కలిసినట్టు ఒక వాసన. 2015లో సోడా ఫైర్ అని ఒకటి ఈ వైపు దాదాపు 2 లక్షల 80 వేల ఎకరాలు కాల్చేసిందట. కాలినచోట చీట్‌గ్రాస్ అనే గడ్డి ముందు మొలుస్తుంది, తొందరగా ఎండిపోతుంది, మళ్ళీ అదే నిప్పుకు దారి అవుతుంది. ఆయన బండి ఆపి ఆ గడ్డి పరక ఒకటి పీకి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక సాక్సుల్లోంచి గంటసేపు ముళ్ళు ఏరుకున్నాను, అంతా అదే.

ఫోటోల కోసమా అన్నాను కదా. ఫోటో ఒకటి తీశారు, చివర్లో, అందరం మట్టి కొట్టుకుపోయి ఉన్నప్పుడు. ఏ కంచె పీకాలో మాకిష్టం కాదు. అక్కడ పశువులు మేపుకునే రైతుతో మాట్లాడి, అక్కర్లేని వరుసను బీఎల్‌ఎం వాళ్ళే గుర్తు పెట్టి ఉంచారు. సంతకాలయ్యాక బీఎల్‌ఎం అమ్మాయి ఒకావిడ కంచె దగ్గర నిలబడి చూపించింది. ప్రాంగ్‌హార్న్ గంటకు 55 మైళ్ళ దాకా పరిగెత్తగలదు, కానీ కంచె దూకదు. దూకగలిగినా దూకదు, కింద నుంచి దూరుతుంది. కింది తీగ నున్నగా, నేలకు కనీసం 16 అంగుళాల పైన ఉంటే గబుక్కున దూరి వెళ్ళిపోతుంది. ఈ పాత కంచెలో కింది తీగ నా పిక్క మధ్యకు ఉంది, దానికి ముళ్ళు.

ఆవిడ మాట్లాడుతుండగా నేను ఆ తీగ చూస్తున్నాను. ఒక ముల్లుకి జుట్టు. ఒక్కచోట కాదు, ఆ రెండు స్తంభాల మధ్య నాలుగైదు ముళ్ళకి కుచ్చులు కుచ్చులుగా. గోధుమ రంగు, చివర తెలుపు. చేత్తో తీస్తే ఎండుగడ్డిలా పెళుసుగా విరిగింది. లోపల బోలుగా ఉంటుందట, చలికి రక్షణ. కింద నేల మీద చిన్న గాడి పడి ఉంది, రోజూ అక్కడే దూరుతున్నట్టు. అంటే ప్రతిసారీ వీపు గీసుకుంటూ వెళ్తోంది. గీసుకుపోయిన చోట జుట్టు ఊడిపోయి చలికాలంలో చర్మం బయటపడుతుందని బీఎల్‌ఎం ఆవిడ చెప్పింది.

పని వివరం చెప్పేంత గొప్పది కాదు. స్తంభానికి తీగను పట్టి ఉంచే క్లిప్పులు కటింగ్ ప్లయర్‌తో తీయాలి. బిగుతుగా ఉన్న తీగ తెంపేటప్పుడు పక్కకి నిలబడాలి, పాములా ఎగిరొస్తుంది. నేను పక్కకే నిలబడ్డాను, నా జాకెట్ నిలబడలేదు. భుజం దగ్గర జానెడు చిరిగింది. తెంపిన తీగను పూలదండలా చుట్టలు చుట్టాలి. కొన్నిచోట్ల సేజ్‌బ్రష్ మొదలే తీగ చుట్టూ పెరిగిపోయింది, అక్కడ గొడ్డలి. ఒకచోట తీగలో కాలి ఎముకలు రెండు దొరికాయి, గిట్టతో సహా. పై రెండు తీగలు మెలిపడి ఆ కాలిని పట్టేశాయి. మ్యూల్ డీర్ అనే జింకది అన్నారు. దూకినప్పుడు వెనక కాలు రెండు తీగల మధ్య ఇరుక్కుంటే తీగలే ముడిపడతాయట. అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పద్నాలుగేళ్ళ కుర్రాడు ఒకడు వచ్చాడు తాతతో. వాడే ఆ తీగ తెంపాడు.

మధ్యాహ్నం ఎల్క్ మాంసంతో చిల్లీ అనే కూర పెట్టారు. తిన్నాను. (మా ఆవిడ ఈ ఫోరం చదువుతుంది, కాబట్టి ఇంట్లో కూడా చెప్పినట్టే.) కాల్చి చూడమని ఎవరూ అనలేదు, సీనియర్ గారూ. అసలు తుపాకీలే తేలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగేశాను. కంచెలో చస్తే బాధ, మీరు కాలిస్తే లేదా అని. ఆయన వెంటనే మాట్లాడలేదు. ఒక గేటు వచ్చింది, దిగి తీశారు, బండి దాటించి మళ్ళీ దిగి వేశారు. వచ్చి కూర్చుని, 'బాధ ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది. లేని రోజు మానేస్తాను. కానీ నేను కాల్చింది ఎందుకు చచ్చిందో నాకు తెలుసు, అది నా ఫ్రీజర్‌లో ఉంది. ఆ కాలు ఎందుకు చచ్చిందో ఎవరికీ తెలియదు' అన్నారు. నాకు ఈ జవాబు సరిపోయిందో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఫోటో వైపు మాత్రం ఈరోజు ఆఫీసులో కాసేపు చూశాను. ఆ ఫోటోలో ఆయన నవ్వడం లేదు, ఎండకి కళ్ళు చికిలించారు. నాలుగేళ్ళుగా నవ్వు అనుకున్నాను.

జూలైలో బిట్టర్‌బ్రష్ అనే పొద గింజలు ఏరే పని ఉందట, మ్యూల్ డీర్ చలికాలపు మేత అది. వస్తానన్నాను. మాస్టారూ, చేపలు మోయడానికి మా వైపు ఏమైనా ఉంటే చెప్పండి.

రాణి గారూ, తోడేళ్ళ సంగతి అడగలేదు. ఇంకా గంటన్నర దారి ఉంది, బండి ఆయనది.